తీరిక లేనివారి ధ్యానం



1994 ఏప్రిల్ నెల. ఢిల్లీలో ఎండలు ముదురుతున్న రోజులు. తీహార్ జైల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలు పది రోజులపాటు మౌనంగా కూర్చున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, రాత్రి దాకా విడతలు విడతలుగా కళ్ళు మూసుకుని తమ శ్వాసను తాము గమనించుకోవడం, ఆ తర్వాత ఒంట్లో పుట్టే మంట, తిమ్మిరి, బరువు వంటి వాటిని కదలకుండా చూస్తూ ఉండడం. పక్కవాడితో మాట లేదు, సైగ లేదు. శిక్ష పడ్డవాళ్ళూ, తమ కేసు ఎప్పుడు విచారణకొస్తుందో తెలియనివాళ్ళూ, హిందువులూ, ముస్లిములూ, సిక్కులూ, క్రైస్తవులూ ఒకేచోట కూర్చున్నారు. ఆ కోర్సు నడిపించింది సత్యనారాయణ గోయెంకా. బర్మాలో పుట్టి, వ్యాపారం చేసి, తలనొప్పి బాధతో ధ్యానం వైపు వెళ్ళి, అక్కడి తన గురువు సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న విపశ్యన ధ్యానాన్ని 1969లో ఇండియాకు తెచ్చిన మనిషి.

ఈ సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. దాని మీద 1997లో ఇద్దరు ఇజ్రాయెలీ మహిళలు తీసిన డాక్యుమెంటరీ చాలా దేశాల్లో చూశారు. నాకు మాత్రం ఆ వెయ్యిమంది దృశ్యం కన్నా, దానికి ముందు జరిగిన ఏర్పాట్లే ముఖ్యమనిపిస్తాయి. 1993లో కిరణ్ బేడీ తీహార్ జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చేనాటికి, కట్టినప్పుడు అనుకున్న సంఖ్యకు రెండింతలకు మించి మనుషులు అక్కడ కిక్కిరిసి ఉన్నారు. ఎక్కువమంది విచారణ ఖైదీలే. ఆమె ముందుగా బ్యారక్‌ల మధ్య ఫిర్యాదుల పెట్టె తిప్పించారు. ఖైదీ రాసిన కాగితం మధ్యలో ఎవరి చేతిలోనూ ఆగకుండా పైకి చేరాలని ఆ ఏర్పాటు. చదువులు పెట్టించారు. ధ్యానం మాట తర్వాత వచ్చింది. ఆ సలహా ఇచ్చింది కూడా జైల్లో పనిచేసే ఒక అధికారే, ఆ సాధనతో తన కోపం తగ్గిందన్న అనుభవంతో. అప్పుడు కూడా ఖైదీలను నేరుగా కూర్చోబెట్టలేదు. ముందు జైలు సిబ్బందిలో కొందరిని జైపూర్‌లో కోర్సుకు పంపారు. వాళ్ళు కూర్చుని వచ్చాక 1993 చివర్లో జైలు లోపల మొదటి కోర్సు జరిగింది. ఏప్రిల్‌లో ఆ పెద్ద కోర్సు. తర్వాత నాలుగో నంబరు జైల్లో శాశ్వతంగా ఒక విపశ్యన కేంద్రం ఏర్పడింది.

ముందు ఫిర్యాదుల పెట్టె, తర్వాత సిబ్బంది, ఆ తర్వాతే ఖైదీలు. ఈ వరసను దయచేసి గుర్తుంచుకోండి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఇందులోనే ఉంది.

తీహార్‌కు దాదాపు ఇరవై ఏళ్ళ ముందు, 1975లో, జైపూర్ సెంట్రల్ జైల్లో ఇలాంటి ప్రయత్నం మొదటిసారి జరిగింది. అప్పటి రాజస్థాన్ హోం కార్యదర్శి రామ్ సింగ్ దాని వెనక ఉన్నారు. అక్కడికి కొందరు ఖైదీలను కాళ్ళకు సంకెళ్ళతోనే తీసుకొచ్చి కూర్చోబెట్టబోయారు. సంకెళ్ళలో ఉన్న మనిషికి తాను ధ్యానం నేర్పలేనని గోయెంకా పట్టుబట్టారు. భద్రత మాటేమిటని అధికారులు భయపడ్డారు. చివరికి సంకెళ్ళు తీశారు, కోర్సు నడిచింది.

అణగారిన వర్గాల దగ్గరికి ధ్యానాన్ని తీసుకుపోతామని బయల్దేరే ప్రతివారూ జైపూర్ సంగతి తెలుసుకుని బయల్దేరాలని నా కోరిక. ఎందుకంటే కాలికి సంకెల కనిపించని చోట కూడా, కూర్చోనివ్వనిది ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ముందు చూడాలి.

బయటి ప్రపంచంలో అది ఏమిటి? నా లెక్కలో, తీరిక లేకపోవడం. హైదరాబాదులో నాలుగు ఇళ్ళలో పాచిపని చేసే అమ్మ రోజు చూడండి. నల్లా వచ్చే వేళకు లేవాలి. పిల్లలకు వండిపెట్టి, ఏడింటికల్లా మొదటి ఇంటికి చేరాలి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పరుగు. మధ్యాహ్నం మూడు దాటాక అన్నం. మళ్ళీ సాయంత్రం గిన్నెలు. ఆమె పనిచేసే ఇంట్లోవాళ్ళు ఉదయం అరగంట చాప వేసుకుని ధ్యానం చేసుకుంటారు. చేసుకోవాలి, మంచిదే. కానీ ఆ అరగంట వాళ్ళకు దొరకడానికి ఒక కారణం, గిన్నెలు ఈమె తోమడం. ఆమెను ఎత్తిపొడవడానికో, వాళ్ళను తప్పుపట్టడానికో ఈ మాట అనడం లేదు. ఎవరికి దొరికిన ప్రశాంతత ఎవరి శ్రమ మీద నిలబడి ఉందో తెలిసి మాట్లాడితే, మన మాటకు విలువ ఉంటుంది.

విపశ్యన కోర్సులకు రుసుము లేదు. పది రోజులు భోజనం, వసతి అన్నీ ఉచితం. అంతకుముందు కోర్సు చేసినవారు ఇచ్చిన దానంతో అవి నడుస్తాయి. మన హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త కేంద్రంలోనూ ఇదే పద్ధతి. ఇంత ఉదారమైన ఏర్పాటు అరుదు, చేతులెత్తి నమస్కరించాలి. అయినా అడ్డా మీద నిలబడే కూలీకి ఆ ఉచిత కోర్సు ఖరీదు పది రోజుల కూలి. పసిబిడ్డ తల్లికైతే అసలు వెళ్ళే దారే లేదు. మహారాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగులు ఈ కోర్సుకు వెళ్తే సెలవు ఇస్తుంది. నెల జీతగాడికి అది పనికొస్తుంది. అదే ఆఫీసు ముందు రోడ్డు ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి సెలవంటే ఆ రోజు కూలి పోవడమే.

ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్నవారు ఉన్నారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ అనే ఊళ్ళో, అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో, జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త 1979లో ఒక క్లినిక్ మొదలుపెట్టారు. డాక్టర్లు ఇక చేయగలిగింది తక్కువని చెప్పిన దీర్ఘకాలపు నొప్పుల రోగులకు ఎనిమిది వారాలపాటు ధ్యానం, తేలికపాటి యోగాసనాలు నేర్పేవారు. ఇవాళ ప్రపంచమంతా మైండ్‌ఫుల్‌నెస్ అని పిలుచుకునే శిక్షణలకు మూలం అక్కడుంది. ఆ క్లినిక్ పేరు మోగింది. అయితే అదే ఊళ్ళో పేదలుండే పేటల నుంచి, స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాల నుంచి జనం అంతగా రావడం లేదు. అప్పుడు వాళ్ళు 1992లో ఆ పేటలోని ఆరోగ్య కేంద్రంలోనే ఇంకో క్లినిక్ తెరిచారు. తరగతులు స్పానిష్‌లోనూ పెట్టారు. వచ్చిపోవడానికి బండి ఉచితం. తల్లులు లోపల కూర్చున్నంతసేపూ పక్కగదిలో పిల్లలను చూసుకునేవారు ఉన్నారు. రుసుము లేదు. నేర్పిన ధ్యానం మాత్రం అదే, దాన్ని తేలిక చేయలేదు, తగ్గించలేదు.

బండి, పిల్లలను చూసే మనిషి, సొంత భాష. ఈ మూడింటికి డబ్బు ఖర్చవుతుంది. ధ్యానానికి ఖర్చేముంది, కళ్ళు మూసుకుంటే చాలు కదా అనేవారికి వూస్టర్ లెక్కలు చూపించాలి.

రాకపోకల ఖర్చు అంటే జింబాబ్వే గుర్తుకొస్తుంది. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడి దగ్గరికి రావలసిన ఒక అమ్మాయి రాలేదు. తర్వాత ఆత్మహత్య చేసుకుంది. ఎందుకు తీసుకురాలేదని అడిగితే, బస్సుకు డబ్బులు లేవని తల్లి చెప్పింది. ఆ మాట ఆయన్ను కుదిపేసింది. రోగి ఆసుపత్రికి రాలేకపోతే వైద్యమే వాడకు వెళ్ళాలనుకున్నారు. రాజధాని హరారేలో పేటల్లో ఉండే అవ్వలు పద్నాలుగు మందిని తీసుకుని, వాళ్ళకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెట్టు నీడన బల్లలు వేయించి కూర్చోబెట్టారు. దిగులుతో ఉన్న మనిషి వచ్చి ఆ బల్ల మీద అవ్వ పక్కన కూర్చుంటుంది. అవ్వ వింటుంది. ఏది ముందు పరిష్కరించుకోవచ్చో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని దానికి పేరు. 573 మందితో చేసిన పరిశీలన 2016లో పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది. ఆరు నెలల తర్వాత చూస్తే, అవ్వల దగ్గర కూర్చున్నవారిలో దిగులు లక్షణాలు మామూలు చికిత్స పొందినవారి కన్నా బాగా తక్కువగా ఉన్నాయి.

ఇది ధ్యానం కాదు కదా అనవచ్చు. నిజమే, కాదు. కానీ మనసుకు సంబంధించిన మేలు ఏదైనా పేటలోకి ఎలా అడుగుపెట్టాలో ఆ అవ్వలు చూపించారు. వాళ్ళది ఆ పేటే. ఎవరింట్లో తాగుడుందో, ఎవరి కొడుకు ఊరు విడిచి పోయాడో వాళ్ళకు చెప్పక్కర్లేదు. అమెరికాలోనే బాల్టిమోర్ నగరంలో, నల్లజాతి పేదలు ఎక్కువగా ఉండే ప్రాంతంలో, అలీ స్మిత్, ఆత్మన్ స్మిత్ అనే అన్నదమ్ములు తమ స్నేహితుడు ఆండ్రెస్ గోంజాలెజ్‌తో కలిసి 2001 నుంచి బడిపిల్లలకు శ్వాస, యోగా నేర్పుతున్నారు. ఆ అన్నదమ్ములు పెరిగింది కూడా ఆ వీధుల్లోనే. ఒక ప్రాథమిక పాఠశాలలో, అల్లరి చేసిన పిల్లవాణ్ణి శిక్షగా విడిగా కూర్చోబెట్టే బదులు, మెత్తటి దిండ్లున్న ఒక గదికి పంపి కాసేపు ఊపిరి మీద మనసు పెట్టించి, జరిగింది మాట్లాడించి తిరిగి తరగతికి పంపే పద్ధతి పెట్టారు. తమ వీధి అన్న చెప్పినట్టు వింటారు పిల్లలు.

మనకు ఇలాంటి మనుషులు లేరా? ఉన్నారు. ఆశా కార్యకర్త ప్రతి ఇంటి గడపా తొక్కుతుంది. అంగన్‌వాడీ టీచర్ ఉంది. పొదుపు సంఘాల్లో ఆడవాళ్ళు డబ్బులు కట్టడానికి, అప్పు లెక్కలు చూసుకోవడానికి క్రమం తప్పకుండా కలుస్తారు. తెలుగు రాష్ట్రాల్లో ఇంత విస్తారంగా అల్లుకున్న ఆడవాళ్ళ కూడిక మరొకటి లేదు. ఆ సమావేశం ఎలాగూ జరిగేదే, అందరూ ఎలాగూ వచ్చేదే. అందులో పది నిమిషాలు చాలు. కొత్తగా ఎవరూ కూలి పోగొట్టుకోనక్కర్లేదు. అయితే ఇప్పటికే ఆశా కార్యకర్త నెత్తిన ఉన్న పనుల మీద ఇది ఇంకొకటిగా పడకూడదు. నేర్పినందుకు ఆమెకు డబ్బు ముట్టాలి.

మన పల్లెలకు ఈ విద్య కొత్తది కూడా కాదు. నాగార్జునకొండ, తొట్లకొండ, బావికొండల మీద భిక్షువులు ఉండి సాధన చేసిన నేల మనది. మన కాలంలో పిరమిడ్ ధ్యాన మందిరాలు చిన్న ఊళ్ళలో కూడా వెలిశాయి. శ్వాస మీద ధ్యాస అన్న మాట వాటివల్లే ఎందరికో నోటికొచ్చింది. రుసుము లేకుండా, గురుదక్షిణ లేకుండా ఊరివాళ్ళే ఊరివాళ్ళకు చెప్పుకున్న తీరు నాకు నచ్చుతుంది. ధ్యానంతో అన్ని జబ్బులూ పోతాయి, మందులు మానేయండి అని ఎవరైనా చెబితే మాత్రం, ఏ సంస్థవారు చెప్పినా, దయచేసి వినకండి. బీపీ మాత్ర, షుగరు మాత్ర, మూర్ఛ మాత్ర మానేయడానికి ధ్యానం కారణం కాకూడదు. విపశ్యన నియమావళిలోనే ఇది వైద్యానికి, మానసిక చికిత్సకు బదులు కాదని రాసి ఉంది.

ఇంకో మాట. శరీరం ఎలా బతుకుతోందో చూడకుండా ధ్యానం చెప్పలేం. నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచి, పొద్దుటి నుంచి ఒకే చోట కూర్చుంటారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆమె దగ్గరికి వెళ్ళి పద్మాసనం వేసుకుని ఇంకో అరగంట కూర్చోమంటే అది ఆమెకు విశ్రాంతి కాదు, బాధ. ఆమెకు లేచి నిలబడి, వెన్ను చాచి, నెమ్మదిగా నాలుగు అడుగులు వేస్తూ పాదం నేలకు తగలడాన్ని గమనించే ధ్యానం చెప్పాలి. రోజంతా నడుం వంచి పత్తి ఏరిన మనిషికి వెల్లకిలా పడుకుని, కాలి వేళ్ళ నుంచి తల దాకా ఒక్కో భాగం మీద మనసు నిలిపే పద్ధతి చెప్పాలి. ఈ రెండూ వూస్టర్ క్లినిక్‌లో మొదటి నుంచీ ఉన్నవే. దెబ్బలు తిన్న ఆడవాళ్ళకు, చూడరానివి చూసిన పిల్లలకు కళ్ళు మూసుకోవడమే భయం కావచ్చు. వాళ్ళను కళ్ళు తెరిచే ఉంచమనాలి. తలుపు వేయకూడదు. మధ్యలో లేచి వెళ్తానంటే వెళ్ళనివ్వాలి.

తరగతిలో అందరికీ పాఠంగా నేర్పితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. బ్రిటన్‌లో 8 వేలకు పైగా బడిపిల్లల మీద చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు తరగతిలో మైండ్‌ఫుల్‌నెస్ పాఠంగా చెప్పారు. మామూలు పాఠాలు విన్న పిల్లల కన్నా వాళ్ళ మానసిక ఆరోగ్యం ఏమీ మెరుగుపడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. ఈ ఫలితం విని నిరాశపడనక్కర్లేదు. టైంటేబుల్లో ఇంకో పీరియడ్‌గా పెడితే ధ్యానం పిల్లలకు అందదని దాన్నిబట్టి నాకనిపిస్తుంది. మహారాష్ట్ర ప్రభుత్వ బడుల్లో మిత్ర ఉపక్రమ్ పేరుతో ఆనాపాన, అంటే శ్వాసను గమనించే ధ్యానం, నేర్పే కార్యక్రమం ఉంది. అక్కడ ఉపాధ్యాయులను ముందు పది రోజుల కోర్సుకు పంపాలన్నది పద్ధతి. నాకు ఇదే సరైనదనిపిస్తుంది. బెత్తం పట్టుకున్న పంతులు శ్వాస చూసుకోమంటే పిల్లలు ఆ బెత్తాన్నే చూస్తారు.

ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసినది. పేదవాడి బాధకు కారణం అతని మనసులోనే ఉందని చెప్పడానికి ధ్యానాన్ని వాడకూడదు. జీతం మూడు నెలలుగా రాని మున్సిపల్ కార్మికుడికి ఒత్తిడి తగ్గించుకునే శిబిరం పెట్టి పంపించేస్తే అది అన్యాయం. ముందు జీతం ఇవ్వాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి మన దేశపు జైళ్ళలో ఉన్న సుమారు 5 లక్షల 73 వేల మందిలో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. వాళ్ళలో బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయినవారూ ఉన్నారు. వాళ్ళకు ధ్యానం చెప్పండి, కానీ అదే గదిలో ఉచిత న్యాయ సహాయం చేసే లాయరును కూడా కూర్చోబెట్టండి. తీహార్‌లో ఫిర్యాదుల పెట్టె ముందు వచ్చిందని నేను మళ్ళీ గుర్తుచేయడం ఇందుకే.

మరి అన్యాయం పోయేదాకా ధ్యానం ఆగాలా? ఆగనక్కర్లేదు. అప్పులవాడి ఫోను వచ్చినప్పుడు గుండె దడ, రాత్రి పట్టని నిద్ర, పిల్లల మీద ఊరకే లేచే చెయ్యి, ఇవన్నీ ఇవాళ్టి బాధలు. సిరిసిల్ల మగ్గాల దగ్గర, పత్తి చేల గట్ల మీద ప్రాణాలు తీసుకున్నవారి ఇళ్ళలో మిగిలిన ఆడవాళ్ళు ఉన్నారు. అప్పు తీరే దాకా వాళ్ళు నిద్ర లేకుండా ఉండాలనడం న్యాయం కాదు. గుండె నిబ్బరంగా ఉన్న మనిషే బ్యాంకు మేనేజరు ముందు నిలబడి మాట్లాడగలదు, దరఖాస్తు పట్టుకుని నాలుగోసారి కూడా ఆఫీసుకు వెళ్ళగలదు.

ఈ రేడియో పొలంలోనూ, మగ్గం పక్కనా, ఆటోలోనూ మోగుతోంది కాబట్టి, ఒక్క నిమిషం ఇప్పుడే చూద్దాం. బండి నడుపుతున్నవారు, కత్తి, కొడవలి చేతిలో ఉన్నవారు వద్దు. మిగిలినవారు కూర్చోనక్కర్లేదు, కళ్ళు మూయనక్కర్లేదు. ఏ దేవుణ్ణీ తలవనక్కర్లేదు, తలుచుకుంటే వద్దనేవారూ లేరు. ముక్కు దగ్గర గాలి లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది. దాన్ని మార్చకండి. ఎలా ఉంటే అలాగే తెలుసుకోండి. మనసు అప్పు మీదికో, అన్నం మీదికో పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే మళ్ళీ గాలి దగ్గరికి తీసుకురండి. ఎన్నిసార్లు పోయినా విసుక్కోకండి. రోజుకు నాలుగైదుసార్లు ఇలా ఒక్కో నిమిషం, నల్లా దగ్గర బిందె నిండేలోపు, బస్సు వచ్చేలోపు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు.

నిమిషాలతో తగ్గని దిగులు ఉంటే, చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే, 14416 నంబరుకు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు.

చివరగా, పనివాళ్ళను పెట్టుకున్న శ్రోతలకు నా విన్నపం. మిల్లు నడిపేవారు కావచ్చు, అపార్టుమెంటు సంఘంవారు కావచ్చు, ఇంట్లో ఒక్క పనిమనిషే ఉన్నవారు కావచ్చు. ధ్యానం గురించి వాళ్ళకు మీరు ఏమీ చెప్పకండి. వారానికి ఒక పూట సెలవు ఇవ్వండి, ఆ పూట జీతం కోయకండి. ఆ సమయాన్ని వాళ్ళు నిద్రకు వాడుకుంటారో, గుడికో మసీదుకో చర్చికో వెళ్తారో, శ్వాస చూసుకుంటారో వాళ్ళకే వదిలేయండి.